ఎలుకల మందు

2009 ఫిబ్రవరిలో ఒక శనివారం ఉదయం. న్యూజెర్సీలో బయట మంచు కురుస్తోంది. ఫోన్ కార్డు మీద నంబరు గీకి తెనాలికి ఫోన్ చేశాను. అక్కడ రాత్రి ఏడున్నర. మామూలుగా అమ్మ ఎత్తుతుంది. ఆ రోజు చెల్లెలు ఎత్తింది.

"అన్నయ్యా, నాన్నగారికి గుండె లయ తప్పిందిట. గుంటూరు తీసుకెళ్ళాం. రక్తం గడ్డ కట్టకుండా మాత్ర రాశారు. వేసుకోనని భీష్మించుకు కూచున్నారు. నువ్వైనా చెప్పు."

"ఎందుకు వేసుకోరుట?"

"అది ఎలుకల మందుట. మందుల షాపు కుర్రాడు నవ్వుతూ చెప్పాడు."

మా నాన్నగారు ప్రభుత్వ కళాశాలలో ముప్ఫై ఏళ్ళు సంస్కృతం చెప్పారు. అందులోనూ తర్కం అంటే ప్రాణం. అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం ఆయనకి కంఠస్థం. ఇంట్లో ఏ మాటా ఊరికే ఒప్పుకునేవారు కాదు. "ఇవాళ వర్షం వస్తుంది" అని అమ్మ అంటే "హేతువు?" అని అడిగేవారు. "మోకాళ్ళు లాగుతున్నాయి" అని అమ్మ జవాబు. చాలాసార్లు వర్షం వచ్చేది. నాన్నగారు మాత్రం ఒప్పుకునేవారు కాదు.

గుండె పై గదులు పద్ధతిగా కొట్టుకోకుండా గజిబిజిగా అదరడాన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. అక్కడ రక్తం నిలవ ఉండి గడ్డ కడుతుంది. ఆ గడ్డ మెదడుకి వెళితే పక్షవాతం. ఈ జబ్బున్నవాళ్ళకి పక్షవాతం వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే సుమారు 5 రెట్లని అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊరి జనాన్ని దశాబ్దాల పాటు గమనించి తేల్చారు. మా నాయనమ్మ పక్షవాతం వచ్చి మూడేళ్ళు మంచాన పడింది. ఆ మూడేళ్ళూ అమ్మే చూసింది. అందుకే అమ్మ ఫోన్ తీసుకుని ఒక్క మాటే అంది. "నాకు ఇంక ఓపిక లేదురా. ఎలాగైనా ఒప్పించు."

ఎలుకల మందు మాట నిజమే. 1920లలో కెనడాలోనూ అమెరికా ఉత్తరాది మైదానాల్లోనూ పశువులు కారణం తెలియకుండా రక్తం కారి చనిపోయేవి. బూజు పట్టిన స్వీట్ క్లోవర్ అనే గడ్డి తినడం వల్ల అని తేలింది. 1933లో ఒక రైతు మంచు తుఫానులో చచ్చిన పెయ్యనీ, గడ్డకట్టని రక్తాన్నీ బండిలో వేసుకుని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. అక్కడ కార్ల్ లింక్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఏళ్ళ తరబడి పనిచేసి ఆ గడ్డిలోని విషాన్ని పట్టుకున్నాడు. దాని చుట్టమే వార్ఫరిన్. 1948లో ఎలుకల మందుగా అమ్మకానికి వచ్చింది. 1954లో మనుషులకి వాడడానికి అనుమతి వచ్చింది. మరుసటి ఏడు గుండెపోటు వచ్చిన ప్రెసిడెంట్ ఐసెన్‌హోవర్‌కి కూడా అదే ఇచ్చారు.

ఇదంతా చదువుకుని మర్నాడు ఫోన్‌లో చెప్పాను. నాన్నగారు శ్రద్ధగా విన్నారు.

"బాగుందిరా కథ. మోతాదు తప్పితే అన్నమూ విషమే. ఎలుకల సంగతి వదిలెయ్యి. నా సందేహం అది కాదు. ఈ మాత్ర నాకు పనిచేస్తుందని నీకెలా తెలుసు?"

నా దగ్గర అంకెలు సిద్ధంగా ఉన్నాయి. ఆఫీసులో క్లయింటుకి చెప్పినట్టు గడగడా చెప్పాను. ఈ జబ్బున్నవాళ్ళ మీద వేర్వేరు చోట్ల జరిగిన అయిదు పరీక్షలని కలిపి 1994లో లెక్క కట్టారు. మందు లేకపోతే ఏడాదికి నూటికి 4.5 మందికి పక్షవాతం వచ్చింది. వార్ఫరిన్ వేసుకున్నవాళ్ళలో 1.4 మందికి.

"వాళ్ళు వాళ్ళు. నేను నేను. వంద వంటిళ్ళలో పొగతో పాటు నిప్పు చూశావు. నూట ఒకటో చోట పొగ కనపడితే నిప్పుందని ఎలా అంటావు? చూసినవాటికీ చూడనిదానికీ ముడి ఎవరు వేశారు? ఈ ప్రశ్న చార్వాకులు అడిగి ఎన్ని వందల ఏళ్ళయిందో తెలుసా? ఇంగ్లీషువాళ్ళు హ్యూమ్ పేరు చెబుతారు. ఆయన అడిగింది 18వ శతాబ్దంలో."

"ఇంగ్లీషువాడు కాదు నాన్నగారూ, స్కాట్లండువాడు."

"సరే. అదైనా నీకు తెలిసింది."

నాకు కోపం వచ్చింది. నా వృత్తిలో ఈ ప్రశ్న కొత్తది కాదు. సాఫ్ట్‌వేర్ పరీక్షించడంతోనే నా జీవితం గడుస్తోంది. పరీక్షలు తప్పులున్నాయని చూపించగలవు గానీ తప్పులు లేవని ఎప్పటికీ చూపించలేవని డైక్‌స్ట్రా ఎప్పుడో చెప్పాడు. ఎమ్మెస్‌లో మా ప్రొఫెసరు మొదటి క్లాసులోనే చెప్పిన మాట అది. పది వేల పరీక్షలు నెగ్గిన ప్రోగ్రాం పది వేల ఒకటోసారి కూలిపోవచ్చు. కూలిపోయినప్పుడు అర్ధరాత్రి ఫోన్ వచ్చేది నాకే. అయినా శుక్రవారం సాయంత్రం "సరే, పంపించండి" అని సంతకం పెడుతూనే ఉంటాం. లేకపోతే ప్రపంచంలో ఒక్క బ్యాంకూ నడవదు.

అందుకే విసుగ్గా అనేశాను. "ఇన్ని సందేహాలున్నవాళ్ళు రాత్రి భోజనం ఎలా చేశారు? నిన్న ఆకలి తీర్చిన అన్నం ఇవాళ తీరుస్తుందని ఏమిటి గ్యారంటీ?"

అవతల నుంచి పెద్ద నవ్వు. ఆ మధ్య కాలంలో నాన్నగారు అంతలా నవ్వడం వినలేదు.

"ఒరేయ్, అది గంగేశుడి మాటరా! 14వ శతాబ్దంలో మిథిలలో కూచుని తత్త్వచింతామణిలో అచ్చం అదే అడిగాడు. అంతకుముందు ఉదయనుడూ అన్నాడు. సందేహానికి ఒక హద్దుంది, నీ నడవడికే నీ సందేహాన్ని కాదనే చోట అది ఆగిపోవాలి అని. చదవకుండానే పట్టుకున్నావు."

గెలిచాననుకున్నాను. ఒక్క నిమిషమే.

"కానీ మధ్యలో శ్రీహర్షుడున్నాడు. ఆయన ఏమన్నాడంటే, నడవడిక ఆగలేదు కాబట్టి సందేహం తీరిందనుకోకు అని. నాకు ఆకలేస్తే తింటాను. రుజువు దొరికి తినడం లేదు. చెయ్యడం వేరు, తెలియడం వేరు. నువ్వు శుక్రవారం సంతకం పెడుతున్నావని ప్రోగ్రాం మంచిదయిపోతుందా?"

కార్డులో నిమిషాలు అయిపోయాయి. లైను తెగింది.

ఆ వారమంతా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మీటింగుల్లో కూచుని అదే ఆలోచన. బుధవారం మళ్ళీ ఫోన్ చేశాను. ఈసారి ఆయనే మొదలుపెట్టారు.

"నిన్ను ఏడిపించడానికి కాదురా. అసలు సంగతి చెబుతా విను. పొగ ఉన్న చోట నిప్పుంది అంటే ఒప్పుకుంటాం. నిప్పున్న చోట పొగ ఉందంటే ఒప్పుకోం. ఎందుకని? ఎర్రగా కాలిన ఇనప గుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే తడి కట్టె ఉండాలి. నువ్వు నిప్పు వల్ల అనుకున్నది నిజానికి నిప్పూ తడీ కలిసిన చోటే వస్తోంది. దాన్ని ఉపాధి అంటాం. ఇప్పుడు నీ అంకెలు చూడు. మాత్ర వేసుకున్నవాళ్ళు బాగున్నారు. మాత్ర వల్లేనా? రోజూ మరవకుండా మాత్ర వేసుకునేవాడు అన్నిట్లోనూ జాగ్రత్త మనిషి అయి ఉంటాడు. డబ్బున్నవాడై ఉంటాడు. మరీ జబ్బు ముదిరినవాడికి డాక్టరు ఇచ్చి ఉండడు. తడి కట్టె ఎక్కడుందో నీకు తెలుసా? తెలిసినవి తీసేస్తావు. తెలియనివో?"

కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసి, స్టాటిస్టిక్స్ రెండు కోర్సులు చదివిన నాకు, ఆ సబ్జెక్టులో అసలు చిక్కు ఏమిటో తర్కసంగ్రహం చదివిన మా నాన్నగారు చెప్పారు.

అయితే దీనికి జవాబుంది. ఆ సంగతి నాకు తెలుసు గానీ దాని విలువ అప్పటిదాకా తెలియదు.

"నాన్నగారూ, మందు ఎవరికివ్వాలో డాక్టరు నిర్ణయించలేదు. రోగీ నిర్ణయించలేదు. చీటీలు వేశారు."

"చీటీలా?"

"బొమ్మా బొరుసా వేసినట్టు. 1947లో బ్రిటన్‌లో క్షయకి స్ట్రెప్టోమైసిన్ పరీక్షించినప్పుడు అలాగే చేశారు. బ్రాడ్‌ఫోర్డ్ హిల్ అనే ఆయన ఏర్పాటు. 107 మంది రోగులు. ఎవరికి మందు, ఎవరికి ఉత్త మంచం మీద విశ్రాంతి అనేది ముందే వేసిన అంకెల ప్రకారం కవర్లలో పెట్టారు. ఆరు నెలల్లో మందిచ్చిన 55 మందిలో నలుగురు పోయారు. ఇవ్వని 52 మందిలో 14 మంది పోయారు."

ఆయన ఏమీ అనలేదు. నేను కొనసాగించాను.

"జాగ్రత్తపరులూ, డబ్బున్నవాళ్ళూ, ముదిరినవాళ్ళూ, మనం పేరు కూడా పెట్టలేని రకాలవాళ్ళూ చీటీల్లో అటూ ఇటూ దాదాపు సమానంగా పడతారు. తడి కట్టె ఏదో మనకి తెలియక్కర్లేదు. రెండు పొయ్యిల్లోనూ ఒకేలా ఉంటే చాలు."

"దాదాపు అన్నావు."

"దాదాపే. చీటీల వల్లే తేడా పడే అవకాశం ఎంతో కూడా లెక్క కట్టవచ్చు. బోస్టన్‌లో చేసిన పరీక్ష 1990లో అచ్చయింది. 420 మంది. వార్ఫరిన్ వేసుకున్న సగంలో 2 పక్షవాతాలు, వేసుకోని సగంలో 13. ఉత్త చీటీల చలవ వల్ల అంత తేడా రావడం చాలా అరుదు. పైగా ఒక్క బోస్టనే కాదు. కోపెన్‌హాగెన్‌లో వేరేవాళ్ళు, ఇంకో చోట ఇంకొకళ్ళు చేశారు. ఒకళ్ళ చీటీలతో ఒకళ్ళకి సంబంధం లేదు. అన్నీ ఒకే వైపు మొగ్గాయి."

కాసేపు నిశ్శబ్దం. కార్డు నిమిషాలు కరుగుతున్నాయి. నేను ఆగాను.

"మన దేశంలో చేశారా ఇలా?"

అది అడుగుతారని తెలుసు. చేశారు. అదీ మద్రాసులో. 1956లో మొదలుపెట్టి క్షయ రోగుల్ని చీటీల ప్రకారమే సగం మందిని శానిటోరియంలో, సగం మందిని ఇంటి దగ్గర ఉంచి ఒకే మందులిచ్చారు. మొత్తం 193 మంది. ఇంటి దగ్గరివాళ్ళకి ఇరుకు ఇళ్ళు, తక్కువ తిండి, పనీపాటా తప్పలేదు. అయినా ఏడాది తిరిగేసరికి రెండు వైపులా నయమైనవాళ్ళు ఇంచుమించు అంతే. ఇంట్లోవాళ్ళకి జబ్బు ఎక్కువగా అంటుకోనూ లేదు. 1959లో ఆ సంగతి అచ్చయ్యాక ప్రపంచమంతా క్షయ వైద్యం ఇళ్ళకి మారింది.

మా తాతయ్య 1950లలో మదనపల్లె శానిటోరియంలో ఏడాదికి పైగా ఉన్నాడు. ఆ ఖర్చుకి రెండెకరాల మాగాణి పోయింది. నాన్నగారు అప్పుడు చిన్నపిల్లాడు. గేటు దగ్గర నిలబడి తండ్రిని దూరం నుంచి చూసిన సంగతి ఎప్పుడైనా చెప్పేవారు.

"మంచి గాలి, పాలు, గుడ్లు ఉంటేనే తగ్గుతుందని అందరూ అనేవారురా. అది తడి కట్టె కాదన్నమాట" అన్నారు మెల్లగా. ఆ రోజు ఇంకేమీ మాట్లాడలేదు.

ఆయన ఒప్పుకుంటున్నారనిపించింది. కానీ నా మనసులో ఒక ముల్లుంది. చదువుతుంటే గుండెకి సంబంధించినదే ఇంకో సంగతి దొరికింది. చెబితే మొత్తం చెడిపోతుందేమోనని దాచాను. రెండు రోజులయ్యాక దాచలేక చెప్పేశాను.

గుండెపోటు వచ్చినవాళ్ళలో గుండె అప్పుడప్పుడూ అదనంగా కొట్టుకుంటే వాళ్ళు హఠాత్తుగా చనిపోయే ప్రమాదం ఎక్కువ. ఆ అదనపు దెబ్బల్ని అణిచే మందులున్నాయి. దెబ్బలు తగ్గితే చావులూ తగ్గుతాయని డాక్టర్లు నమ్మి చాలామందికి రాశారు. వినడానికి ఎంతో సబబుగా ఉంది. చివరికి చీటీలు వేసి పరీక్షించారు. 1989లో ఆ పరీక్షని మధ్యలోనే ఆపాల్సి వచ్చింది. మందు వేసుకున్న 755 మందిలో 63 మంది పోయారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 743 మందిలో 26 మంది. మందులు దెబ్బల్ని అణిచాయి, మనుషుల్నీ చంపాయి.

చెప్పి ఊపిరి బిగబట్టాను. "చూశావా, మీ శాస్త్రం ఇలాంటిది" అంటారని.

"ఆ తప్పు ఎవరు పట్టుకున్నారు? వేరే మతంవాళ్ళా?"

"కాదు. ఆ డాక్టర్లే. తమ మందు మంచిదని చూపించుకుందామని మొదలుపెట్టి."

"మరి నాకిచ్చిన మాత్ర అలాంటి పరీక్షలోనే నెగ్గిందా?"

"నెగ్గింది. అయిదు చోట్ల. కాకపోతే దానికీ దోషముంది. పెద్ద రక్తస్రావం మందు లేనివాళ్ళలో ఏడాదికి నూటికి ఒకరికైతే, వేసుకున్నవాళ్ళలో 1.3."

"అది ముందే చెప్పాల్సింది." కాస్త ఆగి, "మీ అమ్మని నీళ్ళు తెమ్మను" అన్నారు. పక్కనే ఉన్న అమ్మకి ఫోన్‌లో నన్ను చెప్పమంటున్నారని నాకర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది.

ఆ తరువాత తొమ్మిదేళ్ళు వేసుకున్నారు. నెలకోసారి రక్తపరీక్ష. రక్తం గడ్డకట్టే వేగాన్ని చెప్పే ఐఎన్ఆర్ అనే అంకె 2కీ 3కీ మధ్య ఉండాలి. పాత డైరీలో గీతలు గీసి తేదీ, అంకె, ఆ వారం తిన్న ఆకుకూరలు రాసుకునేవారు. తోటకూర, పాలకూర ఎక్కువ తిన్న వారం అంకె పడిపోయేది. ఆకుకూరలు మానక్కర్లేదు, రోజూ ఒకే పాటిగా తినాలని డాక్టరు చెప్పారు. గోంగూర విషయంలో ఒకే పాటి అన్నది మా ఇంట్లో ఎన్నడూ కుదరలేదు.

2014లో ఒక రాత్రి చెల్లెలి ఫోన్. కడుపులో రక్తస్రావం. మూడు సీసాల రక్తం ఎక్కించారు. దొరికిన విమానం పట్టుకుని వెళ్ళాను. ఆసుపత్రి వరండాలో అమ్మ నన్ను చూసి ఏడవలేదు. "నువ్వే కదరా బలవంతం చేసి వేయించావు. అంకెలు చెప్పావు కదా" అంది. నాకు జవాబు లేదు. ఆ అంకెల్లో ఇది కూడా ఉందని అమ్మకి ఎలా చెప్పను? నూటికి 1.3 అంటే కాగితం మీద చిన్నగానే ఉంటుంది. ఆ మంచం మీద ఉన్నది మా నాన్నగారు.

మూడో రోజుకి ఆయన తేరుకున్నారు. నన్ను దగ్గరికి పిలిచి, "తడి కట్టె దొరికిందిరా" అన్నారు. మోకాళ్ళ నొప్పికి రెండు వారాలుగా దుకాణంలో నొప్పి మాత్రలు కొని వేసుకుంటున్నారట. వార్ఫరిన్ వేసుకునేవాళ్ళు ఆ రకం మాత్రలు వేసుకోకూడదు. రెండూ కలిస్తే కడుపులో రక్తస్రావం భయం పెరుగుతుంది.

"మీ పరీక్షల్లో వాళ్ళని ఏరి తీసుకుని, వెంటపడి చూసుకుని ఉంటారు. నాలాగా అడక్కుండా మాత్రలు కొనేవాళ్ళని కాదు. నీ 1.3 అబద్ధం కాదు. అది మన బజారుకి సరిపోయే అంకె కాదు" అన్నారు. ఆ మాట నిజం. పరీక్షల బయట, శ్రద్ధగా చూసేవాళ్ళు లేని చోట, ఈ మందుతో ప్రమాదం ఎక్కువే.

అమ్మ ఇంక వద్దంది. డాక్టరు కొన్నాళ్ళు ఆపి మళ్ళీ మొదలుపెట్టవచ్చన్నారు. నిర్ణయం నాన్నగారికి వదిలేశాం. ఆయన మళ్ళీ మొదలుపెట్టారు. నొప్పి మాత్రలు మానేశారు. "ఒక్క పొయ్యి చూసి వ్యాప్తి మార్చుకోకూడదు" అని అమ్మతో అన్నారు. అమ్మ మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

2018లో నాన్నగారు ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్‌తో పోయారు. చివరిదాకా పక్షవాతం రాలేదు. మాట పడిపోలేదు, చెయ్యి పడిపోలేదు. ఆసుపత్రికి వెళ్ళే ముందు రోజు కూడా అమ్మతో వాదించారు.

మందు వల్ల రాలేదా? మందు లేకపోయినా రాకపోయేదా? ఇది నాకు ఎప్పటికీ తెలియదు. మందు లేని మా నాన్నగారు అనే మనిషి ఇంకొకరు ఉంటేనే పోల్చుకోగలం. లేరు. ఏడాదికి నూటికి ముగ్గురికి తప్పుతుందని తెలుసు. ఆ ముగ్గురూ ఎవరో ఎవరికీ తెలియదు. తప్పినవాళ్ళకి కూడా తెలియదు. శ్రీహర్షుడికి నేనిచ్చుకోగల లెక్క ఇంతే.

ఇక్కడ వారాంతాల్లో మిత్రుల ఇళ్ళలో కలుసుకున్నప్పుడు ఒక మాట తరచూ వింటాను. "నిన్న గుడ్డు చెడ్డదన్నారు, ఇవాళ మంచిదంటున్నారు. ఈ సైంటిస్టుల మాటలకేం గానీ." ఒకప్పుడు వాదించేవాణ్ణి. ఇప్పుడు నాన్నగారి ప్రశ్నే అడుగుతాను. ఆ తప్పు ఎవరు పట్టుకున్నారు, ఎలా పట్టుకున్నారు అని. సందేహం రెండు రకాలని నాకు ఆయన దగ్గర తెలిసింది. ఒకటి "తడి కట్టె ఎక్కడుంది?" అని పొయ్యిలోకి వంగి చూస్తుంది. రెండోది "ఎవరికి తెలుసులే" అని మంచం ఎక్కుతుంది. మొదటిదాని వల్లే చీటీలు వెయ్యడం పుట్టింది. రెండోదాని వల్ల ఏదీ పుట్టినట్టు నేను చూడలేదు.

నూటికి నూరు పాళ్ళు నిశ్చయం ఎవరూ ఇవ్వలేరు. ఒక్క గుంజ మీద పందిరి నిలవదు. బోస్టన్ ఒక గుంజ, కోపెన్‌హాగెన్ ఒక గుంజ. ఏ గుంజనైనా ఊపి చూడవచ్చు, కుళ్ళితే మార్చవచ్చు. ఆ కింద మనం కూచోవచ్చు. 2010 తరువాత నెలనెలా రక్తపరీక్ష అక్కర్లేని కొత్త మందులు వచ్చాయి. నాన్నగారిలాంటి చాలామందికి ఇప్పుడవే ఇస్తున్నారు. కీళ్ళవాతం వల్ల గుండె కవాటాలు చెడినవాళ్ళకి కూడా కొత్తదే సరిపోతుందని చాలామంది అనుకున్నారు. 2022లో పరీక్ష ఫలితాలు వచ్చేసరికి ఆ రోగుల్లో పాత ఎలుకల మందు రకమే మెరుగని తేలింది. నాన్నగారుంటే ఆ సాయంత్రమే ఫోన్ చేసి చెప్పేవాణ్ణి.

ఆయన డైరీ ఇప్పుడు నా దగ్గరుంది. నాకు నలభై ఏడేళ్ళు. పోయిన ఏడాది రక్తపోటుకి మాత్ర మొదలుపెట్టారు. వేసుకునే ముందు డాక్టరుని రెండు ప్రశ్నలు అడిగాను. ఎంతమందిలో పరీక్షించారు, చీటీలు వేశారా అని. ఆయన వింతగా చూసి, ఓపిగ్గా చెప్పారు. డైరీలో ఖాళీ పేజీలు ఇంకా చాలా ఉన్నాయి. నాన్నగారి గీతల కిందే తేదీ వేసి రాసుకుంటున్నాను.